తిరగలి రాయి, కోత మిషన్, ఆదాయపు పన్ను

2025 మే నెల చివరి ఆదివారం. మొగుళ్లపల్లి మండలంలో యాసంగి కోతలు ముగిసి, కొనుగోలు కేంద్రాల దగ్గర ధాన్యం కుప్పలు తరిగిపోతున్న రోజులు. ఆరాధన ముగిసిన తరువాత అందరూ చెట్టు నీడన నిలబడి క్షేమసమాచారాలు మాట్లాడుకుంటున్నారు. ముప్పయి అయిదేళ్ల సహోదరుడొకరు నన్ను పక్కకు పిలిచి, సంచిలోంచి కాగితాల కట్ట తీశాడు. నేను చాలా ఏళ్లు పన్నుల లెక్కలు రాసే పనిలో ఉన్న సంగతి సంఘంలో అందరికీ తెలుసు. గనుక ఇటువంటి కాగితాలు నా దగ్గరకు రావడం కొత్త కాదు. కానీ అతడు అడిగిన ప్రశ్న కొత్తది.

“సార్, ఒక మాట అడుగుత, ఏమనుకోవద్దు. పన్ను తక్కువ పడేటట్టు లెక్క రాసుకుంటే పాపమైతదా?”

అతనికి రెండు వరికోత మిషన్లు ఉన్నాయి. ఒకటి 2023 నవంబరులో 24 లక్షలకు ఫైనాన్సు మీద తీసుకున్న కొత్తది. రెండవది 2024 జూన్‌లో ఒక పరిచయస్తుని దగ్గర 11 లక్షలకు కొన్న పాతది. ఇప్పుడు గడ్డి కట్టలు కట్టే బేలర్ మిషన్ కొందామని బ్యాంకుకు వెళ్తే, ఆదాయపు పన్ను రిటర్ను తెమ్మన్నారు. పట్నంలో లెక్కలు రాసే ఒకాయన దగ్గరకు వెళ్తే, ఆయన రెండు ఉపాయాలు చెప్పాడట. ఒకటి, చేయని మరమ్మతులకు 3 లక్షల స్పేరు పార్టుల బిల్లులు తెచ్చిపెడతాననడం. రెండవది, బ్యాంకుకు చూపడానికి ఎక్కువ లాభంతో ఒక లెక్క, పన్ను శాఖకు తక్కువ లాభంతో ఇంకో లెక్క తయారు చేస్తాననడం. ఇంటికి వెళ్లి భార్యకు చెప్తే ఆమె రాత్రంతా నిద్రపోలేదు. “మన సంచిలో రెండు రకాల రాళ్లు పెట్టుకుంటమా?” అని అడిగిందట. ద్వితీయోపదేశకాండం 25వ అధ్యాయంలో తూనికరాళ్లను గూర్చిన ఆజ్ఞ ఆమెకు గుర్తుకు వచ్చింది.

ప్రియ పాఠకులారా, ఈ సంగతిలో మన విశ్వాసులు రెండు వైపులా తప్పిపోవడం నేను చూశాను. దొంగ బిల్లు పెట్టడం తప్పని వేరుగా చెప్పనక్కరలేదు. రెండవ రకం వారు చాలా భక్తిగలవారు. పన్నులో ఏ తగ్గింపు అడిగినా అది ప్రభుత్వాన్ని మోసం చేయడమే అనుకొని, చట్టం ఇచ్చినదాన్ని కూడా వదులుకుంటారు. ఆ తరువాత భారం మోయలేక రిటర్ను వేయడమే మానేస్తారు. అదీ మంచిది కాదు. దశమభాగం లెక్కించేటప్పుడు డీజిలు ఖర్చు తీసివేసి లెక్కించే సహోదరుడే, పన్ను దగ్గరకు వచ్చేసరికి మిషన్ ఖర్చు తీసివేయడానికి భయపడటం చూస్తే నాకు కొంచెం నవ్వు కూడా వస్తుంది.

నేను అతణ్ణి గుడి మెట్ల మీద కూర్చోబెట్టి ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం 6వ వచనం చూపించాను. అప్పు ఇచ్చినవాడు తిరగలిని గాని దాని పైరాయిని గాని తాకట్టుగా తీసుకోకూడదని ధర్మశాస్త్రం ఆజ్ఞాపిస్తుంది. మన వైపు దాన్ని ఇసుర్రాయి అంటాం. అది తీసుకుంటే ఆ ఇంటివారి ప్రాణాన్నే తాకట్టు పెట్టుకున్నట్టని దాని భావం. అంటే పనిముట్టు వేరు, ఆస్తి వేరు. మన దేశపు చట్టంలోనూ ఈ తేడా ఉంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం కోర్టు డిక్రీ వచ్చినా చేతివృత్తివారి పనిముట్లను, రైతు సేద్యపు సామాగ్రిని, సేద్యం సాగడానికి అవసరమైన పశువులను, విత్తనపు గింజలను జప్తు చేయకూడదు. (ఫైనాన్సు వారికి మనమే సంతకం చేసి హామీగా రాసిచ్చిన మిషన్ సంగతి వేరు. వాయిదాలు తప్పితే దాన్ని ఆపలేం.)

ఆదాయపు పన్నులో ఈ న్యాయమే తరుగుదల రూపంలో కనిపిస్తుంది. మిషన్ సంపాదిస్తూనే అరిగిపోతుంది. బ్లేడ్లు మొద్దుబారతాయి, బెల్టులు తెగుతాయి, ఇంజను బోరుకు వస్తుంది. ఒక ఏడాదిలో మిషన్ విలువలో ఎంత కరిగిపోయిందో అంత ఆ ఏడాది ఖర్చుగా చూపుకోవచ్చని చట్టం ఒప్పుకుంటుంది. 1961 నాటి చట్టంలో ఇది 32వ సెక్షన్. పార్లమెంటు 2025లో చేసిన కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుండి వర్తించేది. దానిలో సెక్షన్ల నంబర్లు మారాయి గాని ఈ మూలసూత్రం మారలేదు.

పనిముట్టు అంటే ఏమిటనే ప్రశ్న మీద మన తెలుగుగడ్డ మీదనే ఒక పెద్ద వ్యాజ్యం నడిచింది. సికింద్రాబాదులోని తాజ్‌మహల్ హోటలువారు తమ గదులలో బిగించిన నీటి గొట్టాలు, స్నానాల గదుల సామాను కూడా వ్యాపారానికి అవసరమైన యంత్రసామాగ్రేనని, వాటి మీద అప్పట్లో ఉన్న డెవలప్‌మెంట్ రిబేటు ఇవ్వాలని అడిగారు. పన్ను శాఖ కాదన్నది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు హోటలు పక్షాన చెప్పింది. శాఖ అప్పీలుకు వెళ్తే, 1971లో సుప్రీంకోర్టు కూడా హోటలు పక్షమే నిలిచింది. హోటలు నడపడానికి ఇంజనే ఉండాలా? అతిథికి నీళ్లు అందించే గొట్టం కూడా ఆ వ్యాపారపు సాధనమే కదా! ఆ తీర్పులో న్యాయమూర్తులు 1887 నాటి ఒక ఇంగ్లండు వ్యాజ్యాన్ని ప్రస్తావించారు. అది ఒక బండి గుర్రం తన్నితే గాయపడిన పనివాని వ్యాజ్యం. గుర్రం కూడా యజమాని వ్యాపార సాధనమేనని అక్కడి కోర్టు తేల్చింది. అమ్మకానికి పెట్టిన సరుకు కాకుండా, పని నడపడానికి యజమాని నిలకడగా ఉంచుకొని వాడే వస్తువు ఏదైనా సాధనమేనని ఆ రెండు తీర్పుల సారాంశం.

మన చట్టం మాత్రం పశువులను ఆ మాటలోనుండి తరువాత తీసివేసింది. అయినా వాటిని మరచిపోలేదు. వ్యాపారానికి వాడే ఎద్దు గాని గుర్రం గాని చనిపోయినా, ఇక పనికిరాకుండా పోయినా, కొన్న ధరలోనుండి వచ్చినంత సొమ్ము తీసివేసి మిగిలిన నష్టాన్ని ఖర్చుగా చూపుకోవచ్చు. అంటే ఎద్దుకు ఏటేటా తరుగుదల లేదు, చనిపోయిన నాడు లెక్క ఉంది. బండి కిరాయికి తోలే మా పెద్దల కాలంలో ఈ సంగతి ఎవరికైనా తెలిసి ఉంటే బాగుండేది.

ఇక మన సహోదరుని మిషన్ల దగ్గరకు వద్దాం. అతడు మొదట అన్న మాట, “పొలం పనే గద సార్, వ్యవసాయానికి పన్ను లేదు గద” అని. ఈ పొరపాటు మన వైపు చాలామందికి ఉంది. తన పొలంలో పండించిన వరి మీద వచ్చినది వ్యవసాయ ఆదాయం, దానికి కేంద్ర ఆదాయపు పన్ను లేదు. కానీ పరుల పొలంలో గంటకింత అని కిరాయికి కోసినది వ్యాపార ఆదాయం. భూమి అతనిది కాదు, పంట అతనిది కాదు. జీఎస్టీలో పంట కోత సేవకు, వ్యవసాయ యంత్రాల కిరాయికి మినహాయింపు ఉంది. దాన్ని చూసి ఆదాయపు పన్ను కూడా లేదనుకోకూడదు.

సాధారణ యంత్రసామాగ్రికి తరుగుదల ఏడాదికి 15 శాతం. ఒకప్పుడు ఇది 25 శాతం ఉండేది, 2005-06 ఆర్థిక సంవత్సరం నుండి తగ్గించారు. మొదటి ఏడాది కొన్న ధర మీద, తరువాతి ఏళ్లలో మిగిలిన విలువ మీద లెక్క కడతారు. అయితే కొన్న సంవత్సరంలో మిషన్‌ను 180 రోజుల కంటే తక్కువ వాడుకలో ఉంచితే సగమే దొరుకుతుంది. అంటే మార్చి 31 నాటికి 180 రోజులు నిండాలంటే అక్టోబరు 3లోగా అది పనిలోకి దిగాలి. మనవాళ్లు వానాకాలం కోతలు ముంచుకొచ్చాక నవంబరులో పరుగెత్తి కొంటారు. మన సహోదరుడూ అదే చేశాడు. అందుచేత 24 లక్షల మిషన్ మీద మొదటి ఏడాది ఏడున్నర శాతమే, అంటే 1,80,000. మిగిలిన విలువ 22,20,000. రెండవ ఏడాది, అంటే 2024-25లో, దాని మీద 15 శాతం చొప్పున 3,33,000.

లెక్క తేలికగా అర్థం కావడానికి అంకెలను గుండ్రం చేసి చెప్తాను. 2024-25లో రెండు మిషన్ల మీద వచ్చిన కిరాయి 38 లక్షలు. డీజిలుకు 14 లక్షలు, డ్రైవర్లకు హెల్పర్లకు జీతాలు 5,20,000, మరమ్మతులకు 3,10,000, అప్పు మీద వడ్డీ 1,90,000, మధ్యవర్తుల కమిషన్, తిండి ఖర్చులు 1,70,000 పోగా మిగిలినది 12,10,000. అతడు ఫైనాన్సు వాయిదా మొత్తాన్ని ఖర్చులో రాశాడు. అది కుదరదు. వాయిదాలో వడ్డీ భాగమే ఖర్చు. అసలు భాగం మిషన్ ధరే గనుక అది తరుగుదల రూపంలోనే వస్తుంది. ఒకే సొమ్మును రెండుసార్లు తీయకూడదు కదా.

తరుగుదల అడగకపోతే ఆ సంవత్సరపు కొత్త విధానం రేట్ల ప్రకారం సెస్సుతో కలిపి పన్ను 85,280 రూపాయలు. 3,33,000 తరుగుదల తీస్తే ఆదాయం 8,77,000, పన్ను 39,208. తేడా 46 వేల పైచిలుకు. అది ఎవరిని మోసం చేసినదీ కాదు, పొలాల్లో అరిగిపోయిన ఇనుముకు చట్టం కట్టిన వెల.

“మరి రెండో మిషన్ సార్?” అన్నాడు.

ఆ 11 లక్షల మీద 15 శాతం అంటే 1,65,000. అదీ తీయగలిగితే పన్ను 12,480 దగ్గర ఆగేది. నేను కాగితం చూపించమన్నాను. అతడు మడతలు పడిన తెల్లకాగితం తీశాడు. మొత్తం నగదు ముట్టిందని అమ్మినవాని సంతకం. బిల్లు లేదు, బ్యాంకులో జాడ లేదు, ఆర్సీ ఇంకా పాత యజమాని పేరు మీదనే ఉంది.

సహోదర సహోదరీలారా, ఇక్కడ కొంచెం ఆగి చదవండి. 2017 ఏప్రిల్ నుండి, వ్యాపారానికి కొనే యంత్రానికి ఒక మనిషికి ఒక రోజులో 10,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే ఆ సొమ్ము మిషన్ ధరలో లెక్కకు రాదు. ధరే లేనప్పుడు తరుగుదల ఎక్కడిది? ఈ ఏడాదే కాదు, ఆ మిషన్ పనిచేసినన్నాళ్లూ రాదు. డీజిలు, స్పేరు పార్టుల వంటి ఖర్చులకూ అదే 10,000 హద్దు ఉంది. అంతే కాదు, అప్పటి నుండే ఒక వ్యవహారంలో 2 లక్షలు లేదా అంతకు మించి నగదు పుచ్చుకున్నవాని మీద అంత సొమ్మూ జరిమానాగా పడవచ్చు. అమ్మిన ఆ పరిచయస్తుడు కూడా చిక్కులోనే ఉన్నాడన్న మాట. బ్యాంకు ద్వారా పంపి ఉంటే ఇద్దరికీ నిశ్చింతగా ఉండేది.

అతని ముఖం చిన్నబోయింది. “వెనుక తారీఖు వేసి బిల్లు రాయిస్తే?” అని తానే అని, నా వైపు చూసి, “వద్దులే సార్” అని తానే సర్దుకున్నాడు. నేను ఏమీ అనలేదు.

పట్నం లెక్కలాయన మూడవ మాట కూడా చెప్పాడట: “ఇవన్నీ ఎందుకు, 8 శాతం చూపి వేసేద్దాం.” ఇది దొంగమాట కాదు, చట్టంలో ఉన్నదే. చిన్న వ్యాపారులు పుస్తకాలు రాయకుండా మొత్తం రాబడిలో 8 శాతాన్ని, బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్ములో అయితే 6 శాతాన్ని, లాభంగా చూపవచ్చు. రాబడి 2 కోట్ల లోపు ఉండాలి. నగదు రాబడి నూటికి 5 మించకపోతే 3 కోట్లు. ఈ దారిలో వెళ్తే తరుగుదలను వేరుగా అడగడానికి లేదు. అది ఆ శాతంలోనే ఇమిడిపోయినట్టు, మిషన్ విలువ కూడా ఆ మేరకు తగ్గినట్టు లెక్క. ఒకసారి ఈ దారి పట్టి, అయిదేళ్లలోపు విడిచిపెడితే, తరువాత అయిదేళ్లు తిరిగి రానివ్వరు. ఆదాయం పన్ను హద్దు దాటితే ఆడిట్ కూడా చేయించాలి.

కిరాణా కొట్టుకు, చిన్న హోటలుకు ఇది మంచి దారే. కానీ చట్టంలో ఆ 8 శాతం పక్కన, అంతకు ఎక్కువ సంపాదించినట్టు చెప్పుకుంటే ఆ ఎక్కువే అనే భావం కూడా ఉంది. 38 లక్షలలో 8 శాతం 3,04,000. తన చేతిలో 12 లక్షలు మిగిలిన సంగతి పుస్తకంలో రాసుకున్న మనిషి 3,04,000 అని సంతకం చేయవచ్చా? చేయవచ్చనే లెక్కల నిపుణులు చాలామంది ఉన్నారు, వారితో నేను వాదించను. నా మట్టుకు నాకు, తెలిసిన అంకె ఉన్నప్పుడు ఆ అంకె రాయడమే హాయి. అందులోనూ ఇతని అవసరం వేరు. 3,04,000 ఆదాయం చూసి బేలర్‌కు అప్పు ఎవరిస్తారు?

ఇక్కడే ఆ రెండు లెక్కల ముడి విడిపోయింది. బ్యాంకువారు అప్పు తీర్చే శక్తిని చూసేటప్పుడు లాభానికి తరుగుదలను తిరిగి కలిపి చూస్తారు. ఎందుకంటే తరుగుదల కాగితం మీది ఖర్చే, ఆ ఏడాది జేబులోంచి పోయిన డబ్బు కాదు. 8,77,000 లాభం, 3,33,000 తరుగుదల కలిపితే మళ్లీ 12,10,000. పన్ను శాఖకు ఇచ్చిన కాగితమే బ్యాంకుకూ సరిపోతుంది. ఈ మాట చెప్పినప్పుడు అతడు రెండుసార్లు వేళ్లమీద కూడుకొని, భార్యను పిలిచి ఆమెకు తానే వివరించాడు.

ఆమె కుట్టుపని చేస్తుంది. వెంటనే తన సంగతి అడిగింది. 22,000 పెట్టి కొన్న మోటారు మిషన్ ఒకటి ఉంది. అదే మిషన్ మీద ఇంటిల్లిపాదికీ బట్టలు కుట్టుకుంటారు. చట్టం ప్రకారం సొంతానికి వాడిన వంతు తీసివేసి మిగిలినదానికే తరుగుదల అడగాలి. ఎంత వంతు అన్నది అధికారి వచ్చి చూసేది కాదు, మనమే నిజాయితీగా వేసుకోవాలి. బండికీ ఫోనుకూ ఇదే పద్ధతి. ఆ మాటకొస్తే ఆమె భర్త మిషన్ కూడా తన సొంత నాలుగెకరాలు కోసిన మేరకు కొద్దిగా తగ్గించాలి. సూదులు, దారం, కత్తెర వంటివి మామూలు ఖర్చులోనే పోతాయి. ఆమె కుట్టు రాబడి పన్ను హద్దుకు చాలా దిగువన ఉంది గనుక ఆమెకు ప్రస్తుతం ఈ లెక్కతో పనిలేదు. అయినా బిల్లు దాచుకోమని చెప్పాను.

సహాయ ధనం సంగతీ చెప్పాలి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీ, వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, మంగలి, చాకలి మొదలైన 18 వృత్తులవారికి పనిముట్ల కోసం 15,000 రూపాయల వోచరు ఇచ్చే ఏర్పాటు ఉంది. మన పక్కనే హుజూరాబాదులో 2021లో మొదలైన దళిత బంధు కింద కుటుంబానికి 10 లక్షలు ఇవ్వగా, కొందరు వాహనాలు, యంత్రాలు తీసుకున్నారు. ప్రభుత్వం భరించిన సొమ్మును మిషన్ ధరలోనుండి తీసివేసి, మన చేతినుండి పెట్టిన దానికే తరుగుదల అడగాలి. ఉచితంగా వచ్చినదాని మీద అడగడం, ఇవ్వని కానుకకు రసీదు అడగడం వంటిది.

మా సంఘంలో పెళ్లిళ్లకు ఫోటోలు తీసే కుర్రవాడు ఈ మాటలు విని, తన కెమెరా గురించి అడిగాడు. కెమెరాకు 15 శాతం, ఆల్బములు తయారుచేసే కంప్యూటరుకు, అందులోని సాఫ్ట్‌వేరుకు 40 శాతం. స్టూడియో కుర్చీలు, బల్లలు ఫర్నిచరు గనుక 10 శాతం. అతడు 40 విని సంతోషించి, కెమెరాను కూడా కంప్యూటరని రాయవచ్చా అని అడిగాడు. అందులోనూ చిప్పు ఉందట! నవ్వి ఊరుకున్నాం.

2025-26 నుండి కొత్త విధానంలో మొత్తం ఆదాయం 12 లక్షల వరకు రిబేటు వలన పన్ను పడదు. అందుచేత చాలామంది ఇక రిటర్ను ఎందుకు అంటున్నారు. ఆదాయం 4 లక్షలు దాటితే పన్ను లేకున్నా రిటర్ను వేయాలి. పైగా గడువులోపు వేస్తేనే వ్యాపార నష్టాన్ని 8 ఏళ్ల వరకు ముందుకు తీసుకుపోవచ్చు. వానలు చెడగొట్టి కోతలే లేని ఏడాది ఆ హక్కు విలువ తెలుస్తుంది. రాబడి 25 లక్షలు దాటిన వ్యాపారి, 8 శాతం దారిలో లేకపోతే, పుస్తకాలు రాసి తీరాలి.

మన సహోదరుడు రెండవ మిషన్ తరుగుదల అడగకుండానే రిటర్ను వేశాడు. 39 వేల పైచిలుకు పన్ను, ముందస్తు పన్ను కట్టనందుకు కొంత వడ్డీ, రెండూ తన ఖాతా నుండి కట్టాడు. స్పేరు పార్టుల దొంగ బిల్లులు తీసుకోలేదు. ఆ రెండవ మిషన్‌ను చూసినప్పుడల్లా తెల్లకాగితం గుర్తుకొస్తుందని అంటాడు. ఇప్పుడు బిల్లులన్నీ అతని భార్య ఒక పాత బిస్కెట్ల డబ్బాలో నెలవారీగా దారం కట్టి పెడుతుంది.

బేలర్‌కు అప్పు మంజూరైన రోజు ఆమె నాకు ఫోను చేసింది. సెప్టెంబరు రెండవ వారం అది. మిషన్ ఇంటికి రాకముందే అడిగింది: “సార్, బిల్లు నా పేరు మీద రాయించాల్నా, ఆయన పేరు మీదనా? కిరాయి పైసలు ఆయన ఖాతాలనే పడతయి.”

ఎవరి ఆదాయంలో చూపుతారో వారి పేరు మీదనే బిల్లు, ఆర్సీ రెండూ ఉండాలమ్మా అని చెప్పాను.